చొక్కాకు ఇరవై నిమిషాలు: పీణ్య గార్మెంట్ ఫ్యాక్టరీల్లో మా ఎంబీఏ పిల్లలు

ఇండస్ట్రియల్ విజిట్ కోసం పిల్లల్ని బెంగళూరు తీసుకెళ్లే కాలేజీలు ముందు తేల్చుకోవాల్సింది బస సంగతి. ఫ్యాక్టరీ వాళ్లు లోపల తిరగనిచ్చేది రెండు మూడు గంటలే. ఆ సమయంలో కొంత పీణ్య పారిశ్రామికవాడకు వెళ్లే తుమకూరు రోడ్డు ట్రాఫిక్‌లో పోతే నష్టం పిల్లలకే. అందుకే నేనైతే పీణ్యకు దగ్గరున్న యశ్వంతపూర్‌లోనే బస చేయమంటాను. మేం నరసరావుపేటలో సాయంత్రం కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, తెల్లవారాక యశ్వంతపూర్‌లో దిగాం. ఈ రైలు వారంలో మూడు రోజులే ఉంటుంది కాబట్టి ఫ్యాక్టరీ అనుమతి తేదీ చేతికొచ్చాకే టికెట్లు చేయించాలి. యశ్వంతపూర్ నుంచి మెట్రోలో మూడో స్టేషనే పీణ్య ఇండస్ట్రీ. పిల్లలు గుంపుగా ఉన్నా మెట్రోలో తప్పిపోయే భయం లేదు, టైమ్ కూడా చెప్పినట్టే ఉంటుంది.

మొదటి రాత్రికి మాత్రం మా యాత్ర ప్యాకేజీ కుదిర్చిన ఏజెంటు మెజెస్టిక్ దగ్గర ఒక లాడ్జిలో గదులు తీసిపెట్టాడు. బస్టాండు పక్కనే కాబట్టి అర్ధరాత్రి దాటినా హారన్ల మోత ఆగలేదు. వేడినీళ్లు పొద్దున కాసేపే వచ్చాయి, వెనక లేచిన అమ్మాయిలకు దొరకలేదు. తిండికి మాత్రం ఆ ప్రాంతానికి వంక పెట్టలేం. మెట్లు దిగితే చాలు, ఇడ్లీ, ఖారాబాత్, ఫిల్టర్ కాఫీ. తర్వాత మేం యశ్వంతపూర్ వైపు ఒక ట్రస్టు వసతి గృహానికి మారాం. మంచాలు వరసగా వేసిన పెద్ద హాళ్లు, అమ్మాయిలకు వేరే అంతస్తు, గేటు దగ్గర కాపలా. ఏసీ లేదు, బెంగళూరులో దాని అవసరమూ రాలేదు. ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన నాబోటి లెక్చరర్‌కు ఆ గేటు, ఆ కాపలా ఎంత నిశ్చింతో చెప్పలేను.

పెద్ద ఫ్యాక్టరీ పీణ్య లోపల ఉంది. మెట్రో దిగాక ఆటోలో పది నిమిషాలు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, పిల్లల పేర్ల జాబితా, గుర్తింపు కార్డులు ముందే పంపాం. వేళ్లు కప్పే బూట్లు తప్పనిసరి. కొనుగోలుదారుల డిజైన్లు బయటికి పోకూడదని ఫోన్లు సెక్యూరిటీ దగ్గరే పెట్టించారు. మొదట్లో పిల్లలు మొహం ముడుచుకున్నారు గానీ, ఫోన్లు లేకపోవడం వల్లే లోపల చూపు అంతా పని మీద నిలిచింది. నోటు పుస్తకాలు, పెన్నులు మాత్రం ఇచ్చి పంపండి.

మొదట గుడ్డ పరీక్ష. వెలుగు వేసిన గాజు పలక మీదుగా థాన్ నడుస్తుంటే ఒక అమ్మాయి కన్ను ఆర్పకుండా చూస్తోంది. మూడు అంగుళాల లోపు లోపానికి 1 పాయింటు, అక్కణ్ణుంచి పెరుగుతూ తొమ్మిది అంగుళాలు దాటితే 4 పాయింట్లు. వంద చదరపు గజాలకు 40 పాయింట్లు మించితే మామూలుగా ఆ థాన్ వెనక్కి పోతుంది. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో పత్తి పండిస్తారు. గింజ తీసిన పత్తి గ్రేడు గురించి మిల్లులో పేచీలు చూసినవాళ్లే. గుడ్డకు కూడా ఇలాంటి తూకం ఉందని వాళ్లు అక్కడే చూశారు.

కటింగ్ హాల్లో ఎక్కువసేపు నిలబడ్డాం, అలా నిలబడటమే మంచిదైంది. పొడవాటి బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పైన మార్కర్ కాగితం వేస్తారు. చొక్కా ముందు భాగం, వీపు, చేతులు, కాలర్, కఫ్‌లు అన్నీ ఆ కాగితం మీద సందు లేకుండా ఇమిడి ఉంటాయి. చొక్కా ఖర్చులో గుడ్డదే దాదాపు 60 నుంచి 70 శాతం కాబట్టి, ఆ కాగితం మీద మిగిలిపోయే ఖాళీ అంతా డబ్బే. అక్కడి కటింగ్ మాస్టర్ ఒక లెక్క చెప్పారు. ఒక్కో చొక్కాకు 1.6 మీటర్లు అనుకుంటే 10,000 చొక్కాలకు 16,000 మీటర్లు. మార్కర్‌లో 1 శాతం ఆదా చేస్తే 160 మీటర్లు మిగులుతాయి, అంటే అదే గుడ్డతో ఇంకో 100 చొక్కాలు. ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పాఠంలో వృథా గురించి ఎన్ని పీరియడ్లు చెప్పినా పిల్లల తలకెక్కని విషయం ఈ ఒక్క లెక్కతో ఎక్కింది. గుడ్డ పొరలు కోసే బ్యాండ్ నైఫ్ యంత్రం దగ్గర పనివాళ్లు చేతికి ఇనుప జాలీ తొడుగు వేసుకున్నారు. కోసిన ప్రతి ముక్కకూ నంబరు స్టిక్కర్ అంటిస్తారు. వేర్వేరు థాన్ల రంగులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒకే చొక్కాలో కలవకూడదని.

ఆ తర్వాత కుట్టే లైన్. ఈ యాత్రకు అసలు కారణమే అది. వరసగా మెషిన్లు, ఒక్కో మెషిన్ మీద ఒకే పని. ఒకరు జేబు కుడతారు, ఒకరు భుజం కలుపుతారు, ఒకరు చెయ్యి, ఒకరు కఫ్. ముక్కలు బండిల్ కట్టి ముందుకు జరుపుతారు. ఎక్కువ మంది ఆడవాళ్లే. ఆ రొదలో ఫ్యాక్టరీ ఇండస్ట్రియల్ ఇంజనీర్ గొంతు వినబడదు కాబట్టి ఆయన మమ్మల్ని ముందే ఒక గదిలో కూర్చోబెట్టి బోర్డు మీద రాసి చూపించారు. ఒక మామూలు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా కుట్టడానికి అన్ని పనులూ కలిపి 20 నిమిషాలు పడుతుందనుకోండి. దీన్నే వాళ్లు శామ్ (స్టాండర్డ్ అలవ్డ్ మినిట్స్) అంటారు. లైన్‌లో 40 మంది ఉంటే, ఎనిమిది గంటలకు ఒక్కొక్కరివి 480 నిమిషాల చొప్పున మొత్తం 19,200 నిమిషాలు. 20తో భాగిస్తే 960 చొక్కాలు. అది కాగితం మీద. లైన్ ఎఫిషియెన్సీ, అంటే ఆ కాగితం లెక్కలో నిజంగా చేతికొచ్చే వాటా, 60 శాతం ఉంటే రోజుకు వచ్చేవి 576, గంటకు 72. కొత్త స్టైల్ మొదలుపెట్టిన మొదటి రోజుల్లో అంత కూడా రాదు, చేతులు అలవాటు పడాలి.

ఇక్కడ మా పిల్లలు ఒక మంచి ప్రశ్న వేశారు. అందరూ ఒకే వేగంతో కుట్టరు కదా, మరి పని ఎక్కడ ఆగుతుంది? ఆయన ముఖం వెలిగింది. కాలర్ అతికించే చోట చూడమన్నారు. అక్కడ ఒక్కో పీసుకు నిమిషంన్నర పడుతుంది, అంటే గంటకు 40. లైన్ గంటకు 72 ఇవ్వాలంటే ఆ పనికి ఇద్దరు కావాల్సిందే. ఒక్కరే ఉంటే ఆమె ముందు బండిళ్లు కుప్పపడతాయి, ఆమె తర్వాతి వాళ్లు ఖాళీగా కూర్చుంటారు. లైన్ బ్యాలెన్సింగ్ అని మేం పుస్తకంలో చదివేది ఇదే.

తిరిగి లైన్ దగ్గరికి వచ్చాక పిల్లలు కాలర్ మెషిన్ ముందే నిలబడ్డారు. కుడుతున్న ఆవిడ తెలుగులో పలకరించింది. మడకశిర పక్క పల్లెటూరట. మా అమ్మాయి ఒకరు, "అక్కా, ఎన్నేళ్లనుంచి చేస్తున్నారు?" అని అడిగింది.

"చానా ఏండ్లయితాంది పాపా. పెండ్లయి ఈడికొచ్చినప్పట్నుంచి ఇదే పని."

"గంటకు నలభై ఇవ్వగలరా అక్కా?"

"ఇయ్యల్ల. దారం తెగకుంటే ఇస్తా. సూది ఇరిగితే టైమ్ పోతాది, ముక్కలన్నీ ఎతికి ఇస్తేనే కొత్త సూది ఇస్తారు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. విరిగిన సూది ముక్కలన్నీ దొరికాక వాటిని రిజిస్టర్‌లో టేపుతో అంటిస్తారు. ఒక ముక్క దొరక్కపోయినా దగ్గర్లోని బట్టలన్నీ వెతుకుతారు. చివర్లో ప్యాకింగ్‌కి ముందు బట్టలు మెటల్ డిటెక్టర్ గుండా వెళ్తాయి. కొన్నవాళ్ల ఒంటికి సూదిమొన గుచ్చుకోకూడదు కదా. కాని ఆ వెతికే నిమిషాలు ఆమె గంట టార్గెట్‌లోంచి పోతాయా అని మా అబ్బాయి సూపర్‌వైజర్‌ని అడిగాడు. ఆయన సూటిగా జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న అడిగినందుకు నాకు ఆ పిల్లాడి మీద గౌరవం పెరిగింది.

చెకింగ్ విభాగంలో ఏక్యూఎల్ 2.5 పద్ధతి చూపించారు, అంటే లాట్‌లో కొన్నే తీసి చూసి, ఎన్ని లోపాల దాకా ఒప్పుకోవచ్చో తేల్చే లెక్క. 3,000 చొక్కాల లాట్ ఉంటే 125 తీసి చూస్తారు. 7 లోపాల వరకు ఒప్పుకుంటారు, 8 వస్తే లాట్ మొత్తం ఆగిపోతుంది. క్యాంటీన్, శిశు సంరక్షణ గది కూడా చూశాం. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలన్నది 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని మాట. ఆ గది శుభ్రంగా ఉంది, ఉయ్యాలల్లో పసివాళ్లు నిద్రపోతున్నారు. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి అన్నదీ ఆ చట్టంలోదే. హెచ్‌ఆర్ అధికారి పీఎఫ్ గురించి చెప్తుంటే నేను 2016 ఏప్రిల్ సంగతి గుర్తు చేశాను. యజమాని వాటా పీఎఫ్‌ను 58 ఏళ్ల దాకా తీసుకోవడానికి వీల్లేదని కేంద్రం నిబంధన తెస్తే, ఈ నగరంలోని గార్మెంట్ ఆడవాళ్లు వేలమంది హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. రెండో రోజుకే ఆ నిబంధనను వెనక్కి తీసుకున్నారు. హెచ్‌ఆర్ స్పెషలైజేషన్ తీసుకునే ప్రతి విద్యార్థికీ ఇది తెలిసి ఉండాలని నా పట్టుదల.

ఇక రెండో ఫ్యాక్టరీ. ప్యాకేజీలో రెండు ఫ్యాక్టరీలని డబ్బు కట్టించుకున్నారు. తీరా తీసుకెళ్లింది ఒక ప్యాకింగ్ గోడౌన్‌కి, దాని ముందున్న అమ్మకాల షోరూమ్‌కి. మేం బస్సు దిగలేదు. ఎంత అడిగినా ఆ డబ్బు తిరిగి రాలేదు. ఫ్యాక్టరీ పేరు, చిరునామా, అక్కడ ఏయే విభాగాలు చూపిస్తారో రాతలో తీసుకోకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. అసలు ఫ్యాక్టరీకి కాలేజీయే నేరుగా ఉత్తరం రాస్తే మధ్యవర్తి అవసరం ఉండదు. మాకు పెద్ద ఫ్యాక్టరీ అనుమతి అలాగే వచ్చింది.

ఆ పూట వృథా పోకుండా కాపాడింది మా విద్యార్థిని మేనమామ. ఆయన కదిరి నుంచి వచ్చి లగ్గెరె వైపు చిన్న జాబ్‌వర్క్ యూనిట్ నడుపుతున్నారు. రెండంతస్తుల ఇల్లు, పాతిక ముప్పై మెషిన్లు. కోసిన ముక్కలు వేరేవాళ్లు పంపుతారు, ఈయన కుట్టి ఇస్తారు. మెట్లు ఇరుకు, గాలి తక్కువ, పిల్లల గది లేదు. పనివాళ్ల పరంగా చూస్తే పెద్ద ఫ్యాక్టరీయే ఎంతో మేలు. అయినా వ్యాపారం నేర్చుకోవడానికి ఈ మేనమామ ఇచ్చిన గంట చాలా విలువైనది. పీసుకు ఆయనకొచ్చే కుట్టుకూలి ఎంత, అందులో టైలర్లకు ఎంత, కరెంటు, అద్దె, దారం పోగా ఏం మిగులుతుంది, ఇవన్నీ తెల్లకాగితం మీద రాసి చూపించారు. డబ్బు చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుందట, జీతాలేమో ప్రతి వారం ఇవ్వాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు పెద్ద ఫ్యాక్టరీలు ముందు ఆపింది ఇలాంటి వాళ్లకు ఇచ్చే పనినే అని చెప్పారు. "లాభం తగ్గితే వాళ్లకు నష్టం సార్, మాకైతే ఆ వారం పనే ఉండదు" అన్నారు మా సహ అధ్యాపకుడితో. వర్కింగ్ క్యాపిటల్ మీద, అంటే వ్యాపారం రోజూ నడవడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు మీద, పిల్లలు రిపోర్టులో రాసిన పేజీలన్నీ ఈ చిన్న యూనిట్ గురించే.

మిగతా ఊరు త్వరగా చెప్పేస్తాను. లాల్‌బాగ్, విధానసౌధ అందరూ చూసేవే. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియానికి మాత్రం సగం రోజు ఇవ్వండి. 1962లో తెరిచిన మ్యూజియం, బటన్ నొక్కితే తిరిగే గేర్లు, యంత్రాల నమూనాలు ఉంటాయి. కుట్టు మెషిన్ల హాలు చూసి వచ్చాక ఇవి మరింత అర్థమవుతాయి. మెజెస్టిక్ దగ్గరి బిన్నీపేటకు ఆ పేరు పాత బిన్నీ మిల్లుతో వచ్చింది. 1980లో సుప్రీంకోర్టు రాజ్యాంగ మౌలిక స్వరూపం మీద తీర్పు చెప్పిన మినర్వా మిల్స్ కూడా ఈ ఊరి బట్టల మిల్లే. బిజినెస్ లా పాఠం చెప్పేవాళ్లకు ఇది పనికొస్తుంది.

కమర్షియల్ స్ట్రీట్‌లో ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్, అంటే ఎగుమతికి కుట్టగా మిగిలిన సరుకు, అని అమ్మే చొక్కాలు చాలా ఉంటాయి. ఫ్యాక్టరీ చూసిన మర్నాడు వెళ్లండి, ముందు రోజు వద్దు. మా పిల్లలు చొక్కా తిరగేసి అంగుళానికి ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టారు, జేబు గళ్లు ఒంటి గళ్లతో కలిశాయో లేదో చూశారు, లేబుల్ కత్తిరించిన చోటు పట్టుకున్నారు. బేరం కూడా బాగానే ఆడారు. ఆంధ్రా భోజనం కావాలంటే రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున ఉంది. గుంపుగా వెళ్తే ఒంటిగంటలోపే చేరండి, తర్వాత నిలబడాల్సి వస్తుంది.

ఫ్యాక్టరీకి రాసే ఉత్తరంలో పదిన్నర తర్వాత సమయం అడగండి. పొద్దున మొదటి గంటలో లైన్లకు పని ఎక్కించే హడావుడిలో ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. పదిహేను మందికి మించకుండా జట్లు చేయండి. ఇండస్ట్రియల్ ఇంజనీర్‌తో అరగంట కావాలని పేరు పెట్టి మరీ రాయండి, లేకపోతే ప్రెజెంటేషన్ ఒకటి వేసి పంపించేస్తారు. హోసూరు రోడ్డు వైపు ఫ్యాక్టరీలో అనుమతి వస్తే బస యశ్వంతపూర్‌లో వద్దు. 2025 ఆగస్టులో ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా పసుపు లైన్ మెట్రో మొదలైంది కాబట్టి జయనగర్ పరిసరాల్లో గదులు చూసుకుంటే బొమ్మనహళ్లి, బొమ్మసంద్ర ఫ్యాక్టరీలకు నేరుగా వెళ్లొచ్చు.