వడగాలి కబురు: ఫోను మేలా, మండలాల జాబితా మేలా, పంచాంగం మేలా?

మా మామిడి తోట విజయనగరం జిల్లాలో, సముద్రానికి దూరంగా ఉన్న చీపురుపల్లి దగ్గర. మా అత్తవారిది సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నం. మే నెల మధ్యాహ్నం తోటలో తడి తువ్వాలు తల మీద వేసుకుంటే గట్టు చివరికి చేరేలోపే అప్పడంలా బిగుసుకుపోతుంది. అదే రోజు కళింగపట్నంలో పొద్దున ఆరేసిన పంచె సాయంత్రానికీ చెమ్మ వదలదు. టీవీ మాత్రం "ఉత్తరాంధ్రలో మండే ఎండలు" అని రెండు ఊళ్లకూ కలిపి ఒకే మాట చెప్పి ఊరుకుంటుంది. కాయ కోతకు మనుషులను పిలవాల్సిన నాకు ఆ మాటతో ఏం పని? రేపు ఎన్ని గంటలకు కాయ కోసే చిక్కం కింద పెట్టాలో తెలియాలి.

మా పెదనాన్న పంచాంగం మనిషి. ఎండలు మండే కాలమని పంచాంగం చెప్పే కర్తరిలో డొల్లు కర్తరి మే 4 ప్రాంతంలో, నిజ కర్తరి 11 ప్రాంతంలో మొదలై నెలాఖరుకు ముగుస్తాయి. ఆ రోజుల్లో ఆయన కొట్టు తలుపుకు మేకు కూడా కొట్టనివ్వరు. ఆ చివర్లోనే మొదలయ్యేది రోళ్లు పగిలే రోహిణి కార్తె. తీసిపారేయడానికి లేదు. 2015లో రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసిన వడగాల్పులు మే చివరి పది రోజుల్లోనే విజృంభించాయి. కానీ పంచాంగం చెప్పేది కాలం సంగతి, రేపటి సంగతి కాదు. కర్తరి మధ్యలో ఈదురుగాలితో వాన పడి కాయ రాలిన ఏడాదీ ఉంది, జూన్ రెండో వారంలో రుతుపవనాల జాడ లేక మాడిపోయిన ఏడాదీ ఉంది.

ఫోను ఎప్పుడూ చేతిలో ఉంటుంది కాబట్టి ముందు దాన్నే చూస్తాం. అందులో కనిపించేది మన ఊరి అంకె అనుకుంటాం గానీ, చాలాసార్లు అది కొన్ని కిలోమీటర్ల గడికంతటికీ కంప్యూటర్ వేసిన లెక్క. ఆ గడిలో తోట ఉందా, చెరువు ఉందా, రాతి క్వారీ ఉందా అన్న వివరం దానికి అంతగా పట్టదు. పైగా ఉష్ణోగ్రత అంటే నీడలో, మనిషి ఎత్తున, గాలి ఆడే పెట్టెలో కొలిచేది. దుక్కి దున్నిన నేల మీద నిలబడినవాడికి ఆ లెక్క సరిపోదు. పోయినేడు 39 అని చూపించిన రోజున ఇద్దరు కూలీలు పదకొండు గంటలకే కళ్లు తిరుగుతున్నాయని చెట్టు కింద కూలబడ్డారు. ముందురోజు రాత్రి వచ్చిన జాబితాలో మా మండలం ఉంది. నేనే చూడలేదు.

ఆ జాబితా రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థది. ఎండలు ముదిరాక, రేపు ఏయే మండలాల్లో తీవ్ర వడగాల్పులో, ఎక్కడెక్కడ వడగాల్పులో పేరుపేరునా చెబుతారు. విజయనగరం, పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం జిల్లాల పేర్లు అందులో తరచూ ముందు వరుసలోనే ఉంటాయి. జిల్లా మొత్తానికి ఒకే రంగు పూసే హెచ్చరిక కంటే నాకు ఇదే పనికొస్తుంది. ఒకే జిల్లాలో లోపలున్న గరివిడికీ తీరాన ఉన్న భోగాపురానికీ పోలిక లేదు మరి.

వాతావరణ శాఖ కొలబద్దలోనూ ఈ తేడా ఉంది. మైదానంలో వడగాలి అనాలంటే కనీసం 40 డిగ్రీలు ఉండాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా పెరగాలి. తీరంలో 37 చాలు, పెరుగుదల మాత్రం అంతే ఉండాలి. మైదానంలో పెరుగుదల 6.4 దాటితే తీవ్ర వడగాలి. మామూలుతో నిమిత్తం లేకుండా 45 తాకితే వడగాలే, 47 తాకితే తీవ్రం. "మీకు 37కే వడగాలా?" అని మా బావమరిదిని ఏడిపించేవాణ్ని. ఉప్పు గాలిలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఓ మధ్యాహ్నం వాళ్ల వరండాలో కూర్చున్నాక నోరు మూసుకున్నాను. అక్కడ కూలర్ కూడా దండగే, తడి గాలిని ఇంకా తడిపి మొహాన కొడుతుంది. మా చీపురుపల్లిలో అదే కూలర్ అమృతం.

ఇంత మెచ్చుకున్నా జాబితాకు ఓ లోటుంది. గాలి ఎప్పుడు ఏ వైపు తిరుగుతుందో అది చెప్పదు. మా ప్రాంతంలో కథంతా అక్కడే. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లోపలికి వస్తే తీరం బతికిపోతుంది, కొంత ఆలస్యంగా మాకూ ఊపిరి ఆడుతుంది. పడమటి గాలి గట్టిగా వీచిన రోజున ఆ సముద్రపు గాలి ఒడ్డునే ఆగిపోతుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నేలల మీద కాగి, కొండలు దిగుతూ మరింత వేడెక్కిన పొడి గాలి నేరుగా తీరం దాకా పోతుంది. అలాంటి రోజుల్లో కళింగపట్నమూ చీపురుపల్లి అయిపోతుంది. నిప్పుకు భయపడాల్సింది కూడా అప్పుడే. పడమర వీస్తే మా నాయనమ్మ ఎనిమిదింటికల్లా వంట ముగించి పొయ్యిలో నీళ్లు చల్లేసేది, పూరిల్లు కదా. ఇప్పుడు ఇల్లు శ్లాబు, కానీ తోట నిండా ఎండుటాకే. బీడీ ముక్క ఒక్కటి చాలు.

ఇక్కడ మళ్లీ ఫోనే గెలుస్తుంది. డిగ్రీలు వదిలేసి గంటగంటకూ గాలి చూపే పేజీ తెరవండి. నా ఫోనులో బాణం ముక్కు తూర్పుకు ఉంటే గాలి పడమటిదని లెక్క. మొదట్లో తిరగేసి చదువుకుని ఓ వారం తెల్లబోయాను. ఆ గాలి మధ్యాహ్నం రెండు దాటినా దిశ మార్చకుండా, వేగం పెరుగుతూ ఉంటే కోత తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేస్తాను, ఆకు తగలబెట్టే పని అసలు పెట్టుకోను. మంట పెట్టాలా వద్దా అన్నదానికి జాబితా కంటే ఈ బాణమే మేలు. మనిషిని ఎండలోకి పంపాలా వద్దా అంటే మాత్రం జాబితాదే చివరి మాట, ఫోను 38 అన్నా సరే.

రాత్రి ఎనిమిదికి జాబితా, పొద్దున ఐదుకు బాణం, ఇదీ ఇప్పుడు నా వరస. నిన్న పొద్దున పెదనాన్న ఫోను చేసి, "మీ వైపు గాలి తిరిగిందా, బాబూ?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. "అయితే వడియాలు ఈవేళే పెట్టించేస్తాను" అని పెట్టేశారు.