నైరూప్య సిరామిక్ శిల్పాలపై ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు: చేసి చూశాక నా మాట

నైరూప్య శిల్పం, అంటే మనిషో జంతువో అని పోల్చుకోలేని ఆకారం, ఎప్పుడు కనబడినా "ఇంతకీ ఇదేంటి?" అనుకుని అక్కడే ఆగిపోయేదాన్ని. ఈ కోర్సు చేశాక "దీన్ని ఎలా చేశారు?" అని చూడటం అలవాటైంది. నాకు అదే పెద్ద లాభం.

మొదటి వారమంతా శిల్పాల రకాలే. గోడను అంటిపెట్టుకుని ముందుకు ఉబికే శిల్పం, చుట్టూ తిరిగి చూసే శిల్పం, చెక్కడం, పోతపోయడం... చాలావరకు తెలిసినవే. కానీ టీచర్ చెప్పిన ఒక్క మాట నాతో ఉండిపోయింది. రాతిలో పొరపాటున ఎగిరిపోయిన ముక్క మళ్లీ రాదు, పచ్చి మట్టి మాత్రం ఆరేదాకా మనసు మార్చుకోనిస్తుంది, అందుకే మట్టి బొమ్మ మీద చేసినవాళ్ల తొందర, తటపటాయింపు, వేలిముద్ర అన్నీ మిగిలిపోతాయి.

అసలు కోర్సంటే మూడో వారం, నాలుగో వారమే, మట్టితో కొత్తగా ఆలోచించిన శిల్పుల గురించి. 1950ల్లో అమెరికాలో పీటర్ వోల్కోస్ సారె మీద తీసిన కుండల్నే కోసి, చీల్చి, ఒకదానిమీద ఒకటి పేర్చాడు. జపాన్‌లో కజువో యాగి 1954లో ఒక మట్టి చక్రానికి చిన్న చిన్న గొట్టాలు అతికించి నిలబెట్టాడు, అందులో నీళ్లు పోయలేం, పువ్వులు పెట్టలేం. ఇక అమెరికా శిల్పి తోషికో తకాయెజు! ఆమె కుండ మూతి దాదాపు పూర్తిగా మూసేసేది. మూసేముందు చిన్న మట్టి ఉండను కాగితంలో చుట్టి లోపల వేసేది. బట్టీలో కాగితం కాలిపోతుంది, ఉండ మిగులుతుంది, కుండను కదిపితే గలగలమంటుంది. టీచర్ అలాంటిదే ఒకటి చేసి మైక్ దగ్గర ఊపి వినిపించారు. కంటికి కనిపించని లోపలి ఖాళీ కూడా శిల్పంలో భాగమేనని నాకు ఆ చప్పుడుతో అర్థమైంది.

లోపాలూ ఉన్నాయి, అవి చిన్నవి కావు. రెండో వారం హోంవర్క్‌లో పిడికిలంత మట్టి ముద్దతో నచ్చిన ఆకారం చేయమన్నారు. ఎంతో ఇష్టంగా చేసి కాల్పిస్తే బట్టీలో ముక్కలైపోయింది. మందంగా ఉన్న ముద్ద లోపల తడి మిగిలితే ఆ నీరు ఆవిరై, బయటికి దారిలేక పగలగొట్టేస్తుందట, అందుకే లోపల తొలిచి గోడలు పలచగా ఉంచాలి, నిదానంగా ఆరబెట్టాలి. ఇది వాళ్లు చెప్పింది ఐదో వారంలో! హోంవర్క్ ఇచ్చిన రోజే చెప్పాల్సిన విషయం కదా.

గ్లేజ్ (కాలాక గాజులా మెరిసే పూత) పాఠం కూడా అరగంటలో తేల్చేశారు. పూసేటప్పుడు ఉన్న రంగు కాలాక ఉండదు, వేడిని బట్టి, బట్టీలోని గాలిని బట్టి మారుతుంది అని మాత్రం చెప్పి వదిలేశారు, ఎందుకు మారుతుందో చెప్పలేదు. పైగా ఫొటోలన్నీ ఎదురుగా తీసినవే. చుట్టూ తిరిగి చూడాలని మొదటి వారం నేర్పినవాళ్లే ఒక్క శిల్పం వెనకవైపైనా చూపించకపోతే ఎలా?

మట్టి పని నేర్చుకుందామని వచ్చేవాళ్లకు ఇది సరిపోదు. చూడటం నేర్చుకోవాలంటే మాత్రం చేరండి, మూడో వారం, నాలుగో వారం పాఠాలు రెండుసార్లు వినండి, ఐదో వారం పాఠం విన్నాకే మట్టి ముట్టుకోండి.