అరకు దారిలో టికెట్టు డబ్బు ఎవరికి?

విశాఖ నుంచి అరకు వెళ్లినవాళ్లు గదికి, తిండికి, కిటికీలోంచి కనిపించే కొండకి మార్కులేస్తారు. ఊరివాళ్లని అడిగి పెట్టిన ఏర్పాటా, కాదా అన్నది కూడా చూడాలి. ఆ తేడా సేవల్లోనే బయటపడుతుంది.

బొర్రా దగ్గర తిండి వ్యాపారం చాలావరకు స్థానికులదే. బొంగులో చికెన్ కావాలంటే గుహల్లోకి వెళ్లేముందే చెప్పండి. నిప్పుల మీద ముప్పావు గంటైనా పడుతుంది, తొందరపెడితే లోపలి ముక్క పచ్చిగా ఉంటుంది. పచ్చి బొంగు ఒక్కసారికే పనికొస్తుంది కాబట్టి, వెదురు ఎక్కడ, ఎంత నరకాలో గ్రామసభే తేల్చాలి. కటిక జలపాతానికి జీపు ఎక్కేముందు రేటు బండికా, మనిషికా, కింద ఎంతసేపు ఆగుతారో మాట్లాడుకోండి. గొడవలన్నీ అక్కడే.

బస విషయం చిక్కు. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ కుదరదు. అయినా గిరిజనుడి పేరు బోర్డు మీద, లాభం మైదాన ప్రాంతంవాళ్ల జేబులో ఉండే బేరాలు ఉంటాయి. బుక్ చేసేముందు యజమాని ఎవరని అడగండి. ఊళ్లోవాళ్లే నడిపే ఇంట్లో గీజరు లేకపోవచ్చు, కానీ దారి చెప్పే మనిషి, వేడి అన్నం దొరుకుతాయి. నా ఓటు దానికే.

పాడేరు దగ్గరి వంజంగి మేఘాల కొండకి జనం పెరిగాకే ఏర్పాట్ల సంగతి గుర్తొచ్చింది. ముందు చేయాల్సింది చిన్నదే: సీజన్‌కి ముందు, అంటే అక్టోబరులోపే, గ్రామసభ పెట్టి రోజుకి ఎన్ని బండ్లు, పార్కింగ్ ఎక్కడ, మరుగుదొడ్లు ఎవరు కడగాలి, చెత్త కిందికి ఎవరు దించాలి, రుసుములో ఊరి వాటా ఎంత అన్నవి రాసుకోవడం. సంత రోజున పెడితే సగం ఊరు రాదు. పొలం పనుల్లో ఉన్న ఆడవాళ్లని పిలవకపోతే నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. వాటాకి లెక్క కావాలంటే సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో వచ్చిన తీర్పు ఉంది. బొర్రా పరిసరాల గనుల కేసులోనే 1997లో సుప్రీంకోర్టు, నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పక్కన పెట్టాలంది. అది గనులకి చెప్పిన మాటే, కానీ పర్యాటకానికి అంతకంటే తక్కువ ఎందుకివ్వాలి?

రిసార్టులో గిరిజనుల ధింసా నాట్యం పెట్టించుకుంటే డబ్బు మధ్యవర్తికి కాకుండా బృందానికే ఇవ్వండి. రాత్రి తొమ్మిదిలోపు ముగించి, వాళ్లు ఊరు చేరడానికి బండి కూడా ముందే మాట్లాడండి.