బీటిల్ ఇంజిన్: ఆటోనగర్‌కి ఇచ్చేద్దామా, ఇంట్లోనే విప్పుదామా?

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉన్నవాళ్లకి విజయవాడలో ఒక సుఖం ఉంది: పటమట పక్కనే ఆటోనగర్. రోజూ లారీ క్రాంకులు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసులు) గ్రైండింగ్ పట్టే చోట బీటిల్ క్రాంకు ఒక లెక్కా? అందుకే బండి పొగ వదలగానే "ఇంజిన్ దింపి ఇచ్చేద్దాం, వాళ్లే చూసుకుంటారు" అనుకుంటారు చాలామంది. నా ఓటు మాత్రం మెషిన్ పనికి ఆటోనగర్, బిగింపుకి ఇల్లు.

మన వల్ల కానివి ముందు చెప్పేస్తా. క్రాంక్ గ్రైండింగ్, వాల్వ్ సీట్ కటింగ్, కేసు (క్రాంకు కూర్చునే ఇంజిన్ పెట్టె) అరిగితే లైన్ బోరింగ్, అంటే క్రాంకు కూర్చునే రంధ్రాలన్నీ ఒకే వరసలో మళ్లీ కోయడం. వీటికి మెషినే కావాలి, ఇంట్లో కుదరవు. కాకపోతే గ్రైండింగ్‌కి ఇచ్చేముందే బేరింగులు చేతికి రావాలి. క్రాంకు సన్నబడ్డాక దానికి సరిపోయేలా బేరింగుల్ని 0.25, 0.50, 0.75 మి.మీ. అండర్‌సైజుల్లో చేస్తారు గానీ మన దగ్గర షాపులో అడిగితే ఇచ్చే సరుకు కాదు. దొరికిన సైజుని బట్టి క్రాంకు పట్టించాలి. ముందే పట్టించేసి తర్వాత వెతుక్కుంటే ఆ క్రాంకు అటకెక్కుతుంది. ఇంకొకటి, హెడ్లు అల్యూమినియంవి. "కడిగేయండి" అని వదిలేసి వస్తే ఇనప బ్లాకుల్ని ఉడికించే కాస్టిక్ తొట్టిలో ఇవీ పడొచ్చు. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇంట్లోనే డీజిల్‌తో, బ్రష్‌తో కడిగి ఇవ్వడం మంచిది.

బిగింపు దగ్గరే అసలు తేడా. దీనికి మామూలు కారులా బ్లాకు ఉండదు. మెగ్నీషియం మిశ్రమంతో పోసిన కేసు రెండు చెక్కలుగా ఉంటుంది, మధ్యలో గ్యాస్కెట్ లేదు, పల్చగా సీలెంట్ రాస్తే చాలు. తొందరలో ఉన్న చెయ్యి సిలికాన్ దట్టంగా పట్టిస్తుంది. లోపలికి పిండుకున్న ముక్క ఊడి ఆయిల్ జాలీకి అడ్డం పడుతుంది. బోరు చేయించే పనీ లేదు. నాలుగు బ్యారెళ్లూ (సిలిండర్లు) విడివిడిగా ఉంటాయి కాబట్టి పిస్టన్లతో సహా సెట్టు మార్చేయడమే.

క్రాంకు ముందుకీ వెనక్కీ ఎంత కదలాలన్నది ఫ్లైవీల్ (క్రాంకు చివర బిగించే బరువు చక్రం) దగ్గరుండే మూడు షిమ్ములు (పల్చటి రింగులు) తేలుస్తాయి. 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్య ఉండాలి. ఆయిల్ సీల్ లేకుండా, రెండే షిమ్ములు వేసి, ఫ్లైవీల్ బిగించి, డయల్ గేజ్ (మి.మీ.లో వందో వంతు కదలికనీ చూపే ముల్లు మీటరు) ఆనించి క్రాంకుని అటూ ఇటూ నెట్టి చూడాలి. వచ్చిన కొలతలోంచి 0.10 తీసేస్తే మూడో షిమ్ము మందం తెలుస్తుంది. అది వేసి, సీల్ పెట్టి, మళ్లీ బిగించి, మళ్లీ కొలవాలి. చేత్తో ఆడించి "సరిపోద్ది లెండి" అనేసే పని కాదు. పది బళ్లు వరుసలో ఉన్న మెకానిక్‌కి అంత తీరిక ఉండదు, ఆయన్ని అనీ లాభం లేదు. ఆదివారం పూట పోర్టికోలో కూర్చున్న మనకుంటుంది.

రేకుల సంగతి మరీ ముఖ్యం. ఈ ఇంజిన్‌కి రేడియేటర్ లేదు, ఫ్యాను కొట్టే గాలితోనే చల్లబడాలి. ఇంజిన్ చుట్టూ ఉండే రేకులూ రబ్బరు సీళ్లూ కింది వేడిగాలి పైకి రాకుండా ఆపుతాయి. ఫ్యాను బెల్టుతో తిరిగేదే కాబట్టి బెంజి సర్కిల్ దగ్గర బండి ఆగితే దాని వేగమూ పడిపోతుంది. మే నెల విజయవాడలో, రేకులు కూడా సరిగా లేకపోతే ఇక చెప్పేదేముంది? షాపు నుంచి తిరిగొచ్చేసరికి చిన్న రేకులు ఒకటో రెండో మాయమవుతాయి. అడిగితే "అవి లేకపోయినా నడుస్తదండీ" అంటారు. నిజమే, మూడో సిలిండర్ పోయేదాకా నడుస్తుంది. 1971కి ముందు ఇంజిన్లలో ఆయిల్ కూలర్ ఆ సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డంగా ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తల తెగితే ఎక్కువగా అక్కడే తెగుతుంది.

ఇంటి పనికి ఖర్చు లేకపోలేదు. టార్క్ రెంచి, డయల్ గేజ్, 36 మి.మీ. సాకెట్ కావాలి. ఫ్లైవీల్ నట్టుకి 30 కేజీ-మీటర్ల బిగింపు. మీటరు గొట్టం తొడిగి దాని చివర ముప్ఫై కిలోల బరువు వేసినంత అన్నమాట. ఇంజిన్ నాలుగు బోల్టులతోనే ఊడొస్తుంది గానీ, వంద కిలోలు దాటే బరువు, రెండో మనిషి ఉండాల్సిందే.

బయటి దేశం నుంచి రెడీమేడ్ ఇంజిన్ తెప్పించుకోవడం నేను లెక్కలోకే తీసుకోను. ఇంజిన్ నంబరు కేసు మీద, జనరేటర్ స్టాండు కింద కొట్టి ఉంటుంది. కేసు మారితే ఆర్సీ మార్పించుకోవాలి, కస్టమ్స్ ఖర్చు అదనం.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉండేవాళ్లకి ఇంటి పని కుదరదు. నేల మీద ఆయిల్ పడిన రోజే అసోసియేషన్ నుంచి ఫోనొస్తుంది. అలాంటివాళ్లు మొత్తం ఆటోనగర్‌కే ఇవ్వండి. కానీ రేకులన్నీ ముందే విప్పి ఇంట్లో పెట్టుకోండి, షిమ్ములు వేసే రోజు మాత్రం డయల్ గేజ్ పట్టుకుని మీరే వెళ్లి పక్కన నిలబడండి.