లండన్ 90 రాత్రులు, న్యూయార్క్ రిజిస్ట్రేషన్: అద్దె ఇళ్లను ఏది కాపాడుతుంది?

ఇళ్లు పర్యాటకుల బసలుగా మారితే నగరవాసులకు అద్దెకు దొరికేవి తగ్గుతాయి. లండన్‌లో 2015 చట్టం ప్రకారం, ప్లానింగ్ అనుమతి (ఇంటి వాడకం మార్చడానికి స్థానిక కౌన్సిల్ ఇచ్చే అనుమతి) లేకుండా ఇంటిని ఏడాదికి 90 రాత్రుల వరకు పర్యాటకులకు ఇవ్వొచ్చు. చిక్కంతా లెక్క దగ్గరే. ఇళ్లను కొద్దిరోజుల బసకు బుక్ చేసే సైట్ ఎయిర్‌బీఎన్‌బీ 2017 నుంచి 90 దాటితే బుకింగ్ ఆపేస్తోంది. కానీ అదే ఫ్లాట్‌ను ఇంకో సైట్‌లో పెడితే అక్కడ లెక్క మళ్లీ సున్నా నుంచే. ఉల్లంఘన రుజువు చేయాల్సిన భారం కౌన్సిల్‌దే.

న్యూయార్క్ నేరుగా డబ్బు దారినే పట్టుకుంది. 30 రోజుల్లోపు బసకు నగరం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, యజమాని అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. 2023 సెప్టెంబరు నుంచి, నమోదు కాని ఇంటి బుకింగ్‌కు చెల్లింపును సైట్ నడిపితే ఆ సైట్‌కు 1,500 డాలర్ల వరకు జరిమానా.

అద్దెకుండేవాళ్లకు న్యూయార్క్ పద్ధతే మేలు: ఫ్లాట్‌ను గుట్టుగా హోటల్ చేయడం కష్టం. ఊరెళ్తూ సొంతిల్లు వారం ఇచ్చుకునే కుటుంబానికి మాత్రం లండనే నయం.