ఎనుమాముల మిర్చికి నేపాల్ కరెంటు: ఓ ఓపెన్ యాక్సెస్ సేవపై ఏడాది అనుభవం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న మా కోల్డ్ స్టోరేజీకి, దాన్ని ఆనుకుని ఉన్న జిన్నింగ్ మిల్లుకు కలిపి, ఓపెన్ యాక్సెస్ పద్ధతిలో (అంటే స్థానిక పంపిణీ సంస్థ అయిన డిస్కం దగ్గర కాక బయట కొని, లైన్ల మీదుగా తెచ్చుకునే పద్ధతిలో) విద్యుత్ ఎక్స్ఛేంజ్ అనే కరెంటు వేలం మార్కెట్ నుంచి కరెంటు కొనిపెట్టే ఒక ఏజెన్సీ సేవను ఏడాదిగా వాడుతున్నాము. గ్యాస్ మండించి తీసే ఖరీదైన కరెంటు బదులు హిమాలయాల్లోని నేపాల్ జలవిద్యుత్తు మీకు అందుతుందని వారి ప్రతినిధి చెప్పిన మాట విని చేరాము. ఆ మాటలో నిజమెంతో తోటి యజమానులకు తెలియాలని రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినది చెబుతాను. మర్నాటి కరెంటుకు రోజూ ఉదయం 10 నుంచి 12 గంటల లోపు, 15 నిమిషాల చొప్పున 96 భాగాలకు బిడ్లు వేయాలి. ఈ పనిలో ఏజెన్సీ వారు ఒక్కరోజు కూడా తప్పలేదు. సోలార్ కరెంటు వల్ల ధర దిగే మధ్యాహ్నం వేళ కంప్రెసర్లన్నీ నడిపి గదులను ముందే చల్లబరచమన్నది కూడా వారి సలహాయే. సాయంత్రం ఆరు దాటి ధర ఎక్కగానే రెండు కంప్రెసర్లు ఆపేస్తాము. మా ఆపరేటర్ గంటకోసారి తలుపు పక్కనున్న థర్మామీటర్ చూసి పుస్తకంలో రాస్తాడు; రాత్రి తొమ్మిదింటికి కూడా వేడి ఒక డిగ్రీకి మించి పెరగలేదు, తేజ మిర్చి రంగు తగ్గలేదు. వారికిచ్చే ఫీజు ఈ ఒక్క సలహాతోనే గిట్టుబాటయింది.

ఇక నేపాల్ కరెంటు సంగతి. త్రిశూలి, దేవీఘాట్ కేంద్రాల 39 మెగావాట్లతో 2021 నవంబరులో అది మన ఎక్స్ఛేంజ్‌లోకి వచ్చిన మాట నిజమే. కానీ ఎక్స్ఛేంజ్‌లో అమ్మేవారెవరో కొనేవారికి తెలియదు కాబట్టి, మా మీటర్లో తిరిగిన యూనిట్ నేపాల్ నీటిదని ఎవరూ చూపలేరు. పైగా మాకు కరెంటు ఎక్కువగా కావలసింది కొత్త పంట బస్తాలు ఎండ వేడితో లోపలికి వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో. అప్పటికి నేపాల్ నదులు సన్నబడి, ఆ దేశమే మన దగ్గర కొనుక్కుంటుంది. వేసవి గిరాకీ తట్టుకోవడానికి 2024 మే, జూన్ నెలల్లో గ్యాస్ కేంద్రాలను నడపాలని కేంద్ర ప్రభుత్వమే ఆదేశించింది. వానాకాలంలో ఆ నీటి కరెంటు పుష్కలంగా వచ్చినా మన దేశంలో తగ్గించేది ముఖ్యంగా బొగ్గునే, ఎందుకంటే మన విద్యుత్తులో గ్యాస్ వాటా సుమారు 2 శాతమే. గ్యాస్ మీద ఎక్కువగా ఆధారపడిన బంగ్లాదేశ్‌కు 2024 నవంబరు 15న మన గ్రిడ్ మీదుగా మొదటిసారి వెళ్లిన 40 మెగావాట్ల నేపాల్ జలవిద్యుత్తు మాత్రం నేరుగా గ్యాస్‌ను ఆదా చేయగలదు. గ్యాస్ వాడకం తగ్గాలని మనసారా కోరుకునేవాడిని కనుక, మిర్చి వ్యాపారికి ఈ తేడా దాచి అమ్మడం నాకు నచ్చలేదు.

ఇంకొక లోపం బిల్లులో ఉంది. మొదట ఎక్స్ఛేంజ్ ధర మాత్రమే చూపించారు. వీలింగ్ ఛార్జీలు (డిస్కం లైన్లు వాడుకున్నందుకు కట్టేవి), క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి (ఇతర వినియోగదారుల రాయితీ భారం పూడ్చడానికి బయట కొనేవారు కట్టేది), లైను నష్టాలు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఈ ఏడాది మేము జూన్ నుంచి నవంబరు వరకే ఈ సేవ తీసుకుని, వేసవిలో డిస్కం కరెంటుతోనే నడుపుతాము. చేరదలచినవారు సంతకం పెట్టే ముందు, అన్నీ కలిపి తమ మీటరు దగ్గర యూనిట్‌కు ఎంత పడుతుందో నెలవారీగా రాతపూర్వకంగా తీసుకోవాలి.