షట్టర్ వెనకే తెల్లారిపోయింది: కొల్లేటి పక్షుల కోసం వెళ్తే

నవంబర్ నెల. ఆరుంపావు లోపే సూర్యోదయం. ఐదింటికల్లా నేను, నాన్న, తమ్ముడు స్వెట్టర్లు వేసుకుని, బైనాక్యులర్ మెడలో తగిలించుకుని కైకలూరు లాడ్జి మెట్లు దిగాం. కింద షట్టర్‌కి తాళం. పక్కన బెంచీ మీద దుప్పటి కప్పుకుని ఒక కుర్రాడు. లేపితే, "తాళం ఓనరుగారి దగ్గరుందండి, ఏడింటికొస్తారు" అని మళ్లీ ముసుగు తన్నాడు. ఓనరు ఫోను స్విచాఫ్. విజయవాడ నుంచి పనిగట్టుకుని వచ్చి, ఆ తెల్లవారుజామంతా షట్టర్ సందుల్లోంచి ఎదురుగా నిలబడ్డ చేపల లారీలను చూస్తూ కూర్చున్నాం.

అసలు గొడవ ముందురోజు సాయంత్రమే మొదలైంది. ఫోనులో "ఏసీ రూము 1,200, కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది మేడమ్" అన్నారు. తీరా దిగాక 1,600. అదేంటంటే శనివారమట. నాన్న కోసం ఇంకో పరుపుకి 300. గీజరు పనిచేయదు, వేడినీళ్లు బకెట్ 30 రూపాయలు, రెండు బకెట్లు. మొత్తం 1,960. కిటికీ తీస్తే చెరువు ఉన్నమాట నిజమే, చేపల చెరువు. గట్టు మీద ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. కిందికెళ్లి అడిగితే "చెరువే కదా మేడమ్" అన్నాడు. తమ్ముడు పగలబడి నవ్వాడు. నాకైతే ఒళ్లు మండింది.

ఏడుంపావుకి ఓనరు తీరిగ్గా వచ్చి తాళం తీశాడు. నేను గట్టిగానే అడిగాను. ఓ వంద తగ్గిస్తానన్నాడు. పోయింది తెల్లవారుజాము, వంద కాదు, అన్నాను. వంద మాత్రం తీసుకున్నాను. నాన్న "పోనీలే అమ్మా" అంటూనే బిల్లు రాసిన తెల్లకాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పొద్దున్నే వెళ్లాలని నేను చాదస్తం కొద్దీ అనడం లేదు. రాత్రి చెట్ల మీద పడుకున్న పక్షులు మేతకు లేచేది ఆ వెలుతురులోనే. ఎనిమిది దాటితే నీళ్ల మీద ఎండ మెరిసి ఎదురుగా ఉన్న పక్షి నల్లటి నీడలా కనిపిస్తుంది, రంగు తెలియదు. అందుకే చెప్తున్నా, ఇలాంటి చోట రూము అడిగేటప్పుడు ఏసీ సంగతి తర్వాత, ముందు తాళం ఎవరి దగ్గరుంటుందో అడగండి.

కైకలూరు నుంచి పక్షుల కేంద్రమున్న ఆటపాక దగ్గరే. ఆటోకి 150 ఇచ్చాం. నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటున్నాయి. ఒకటి ముక్కున ఎండుపుల్ల పట్టుకుని, రెక్కలు కదపకుండా నీళ్లకు జానెడు ఎత్తులో తేలుతూ వచ్చింది. స్టాండు దగ్గర కాళ్లు ముందుకు చాపి బరువుగా దిగింది. గూటిలో ఉన్నది ఆ పుల్ల అందుకుని ఒక చోట పెట్టింది, తీసింది, మళ్లీ అక్కడే పెట్టింది. ఎండ ఎక్కేకొద్దీ గొంతు కింద సంచి టపటపా ఆడిస్తున్నాయి. ఒంట్లో వేడి అలా తగ్గించుకుంటాయి. అరగంట సేపు నాకు లాడ్జి గుర్తుకు రాలేదు.

నాన్నకు మాత్రం మనసు బాగాలేదు. ఆయనది గుడివాడ దగ్గర కాలవగట్టు ఊరు, కొల్లేరంటే సొంత చెరువు లెక్క. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇప్పుడు దారి పొడవునా మళ్లీ చెరువులే చూసి "ఇందులో కొల్లేరు ఏది, చెరువు ఏది?" అన్నారు. 2024 సెప్టెంబర్‌లో మా సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు చివరికి చేరాల్సింది ఈ కొల్లేటికే. ఆ మాట ఆయనే గుర్తుచేసి, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఇంకో పేచీ. కార్తీకమాసం, నాన్న చేప ముట్టరు. తమ్ముడేమో కైకలూరు వచ్చి చేపలు తినకపోతే ఎలా అని పొద్దున్నుంచీ మొహం ముడుచుకున్నాడు. చివరికి ఇద్దర్నీ వేరువేరు బల్లల దగ్గర కూర్చోబెట్టాను. వాడి పులుసు భోజనం 180, మా ఇద్దరివి చెరి వంద. మాకు వడ్డించిన దోసకాయ పప్పు ఎంత బాగుందంటే, వాడే లేచొచ్చి మా బల్ల దగ్గర గరిటెడు వేయించుకున్నాడు.

మరుసటి ఆదివారం ఉప్పలపాడు వెళ్లాం. గుంటూరు దగ్గరే కాబట్టి బస గొడవ లేదు, నాలుగున్నరకు ఇంట్లో బయలుదేరాం. పెట్రోలు 400, టీలు 45, అంతే ఖర్చు. ఊరి చెరువు, మధ్యలో తుమ్మచెట్లు, వాటి నిండా పక్షులు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు. బైనాక్యులర్ లేకుండానే నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు కనిపిస్తుంది. చాలాకాలం నేను అది ముక్కు అరిగిపోయిన ముసలి కొంగ అనుకునేదాన్ని. వాటి నిర్మాణమే అంత, నత్తల్ని పట్టుకోవడానికి. ఎర్రకాళ్ల కొంగ అయితే ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ ఊపుతుంది, చేప తగిలిందో టక్కున మూస్తుంది. కంటితో వెతకాల్సిన పనే లేదు. కంపు మాత్రం భరించాలి, టోపీ తప్పనిసరి. నాన్న చొక్కా భుజం మీద పడ్డ రెట్ట రెండు ఉతుకులకు గానీ పోలేదు.

బైనాక్యులర్ కొనాలనుకునేవాళ్లు 8 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది తీసుకోండి. 20 రెట్లని ఆశపడితే చెయ్యి వణుకుడే కనిపిస్తుంది, పక్షి కనిపించదు.

ఇక రోజూ పొద్దున విజయవాడలో మా రైవస్ కాలవగట్టు. ఖర్చు సున్నా. తీగ మీద లకుముకి పిట్ట, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, చలికాలానికి దిగిన కాటుక పిట్టలు తోక ఊపుకుంటూ చెత్త మధ్యలోనే తిరుగుతున్నాయి. నిన్న నేను, కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ తెరిచి ఒక కూత వినిపించాను. అది పేరు తేల్చేలోపే నాన్న "ఏట్రింత" అని పిట్ట పేరు చెప్పేశారు. తర్వాత జేబులోంచి లాడ్జి బిల్లు తీసి, వెనక వైపు, పిట్టల పేర్ల వరసలో పద్నాలుగో నంబరు వేసి రాసుకున్నారు.